బుధారం దాక

ఐతారం మా అమ్మ ఈదమ్మ
నకిరేకల్ల కట్టెల పొయ్యి మీద
కిలోంబావు పెద్దకూర ఎర్రగ ఏపుతది.
నూనె మీదికి తేలి, తునక కొసలు కరకరమనేదాక
గంటె చేతులకెల్లి దించదు.
తినంగ మిగిలింది కాదు నాకు కట్టిచ్చేది.
మిగలాలనే వండుతది.

మూడు గిన్నెల టిఫిన్ల అడుగు గిన్నె కూర.
మీద రెండిట్ల ఉత్త అన్నం, పచ్చిపులుసు.
బస్సుల పక్కసీటామె ఏముందని అడిగితే
మూత తీసి సూపెట్టేటందుకు.

నల్లగొండల గడియారం సెంటరెన్క సందుల
మాది కింది రూము. ఫ్రిజ్జు లేదు.
మరగవెట్టుడే మా ఫ్రిజ్జు.
పొద్దుగాల ఒక పొంగు, పొద్దూకినంక ఒక పొంగు.
"ఉడుకు తాకినదాన్ని పురుగు ముట్టది బిడ్డా."
వాసనొస్తది గదనే అంటే
అమ్మకు సమజ్ కాదు.
ఆమె వాడల వాసనంటే పిలుపు.

సోమారం.
స్కానింగ్ సెంటర్ల దినమంత టోకెన్లు పిలిచి పిలిచి
ఎండిన గొంతుతోని వచ్చి
రెండు కట్టల పుంటికూర తెంపిన.
పులుపు తునకల దూరింది, తునక పులుపుల దిగింది,
గుప్పెడు కూర గిన్నెడు అయింది.
మీది మెట్ల కాడికెల్లి ఇంటి ఓనరు సుగుణమ్మ:
"ఏం కూరనే స్వరూపా?"
"పుంటికూర ఆంటీ."
అబద్ధం కాదు.
సగం.

మంగళారం బబ్బెర్లు నానవోసిన.
తునకలను వేళ్ళతోని పోగులు పోగులుగ చీరిన,
చీరినకొద్ది పెరిగినయి.
ఎల్లిపాయ, కారం, ఇన్ని బబ్బెర్లు,
జొన్నరొట్టెల సుట్టి సైదులు చేతికిచ్చిన.
మిర్యాలగూడ బియ్యం లారీ ఎక్కేముందు
గేటు కాడ నిలవడి తిన్నడు.
"బబ్బెర్లేనా?" అన్నడు, గట్టిగ, మీదికి ఇనవడేటట్టు.
"బబ్బెర్లే" అన్న, ఇంక గట్టిగ.
ఇద్దరం నవ్వినం.
ఆ నవ్వు మీద గుడ కిటికీ మూసిన.

బుధారానికి గిన్నె అడుగు.
తునకలని చెప్పొస్తే నాలుగు,
మిగిలింది మాడిన మసాల, ఎర్రటి నూనె.
ఉల్లిగడ్డ సన్నగ తరిగి, రాత్రన్నం అండ్లనే వోసి
కోడిగుడ్డు కొట్టి కలిపిన.
గిన్నె గోడలు గీకి గీకి
అల్యూమినియం మెరిసేదాక.
అమ్మకు ఎన్నడు చెప్పలేదు గని
ఐతారం కూర ఆమెది,
బుధారంది నాది. నాకు నాదే ఇష్టం.

నల్లా వచ్చే యాళ్లకు
నోటి సుట్టు ఎర్ర నూనెతోని రిత్విక నా ఎన్కనే వచ్చింది.
సుగుణమ్మ దాని గదువ పట్టుకొని
"ఏం తిన్నవే బంగారం?"
రెండో తరగతి పిల్ల,
స్కూల్ల పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది:
"పెద్దకూర అన్నం! మా అమ్మమ్మ పంపింది.
మస్తుంటది ఆంటీ."

బిందె నిండింది.
నిండి పొర్లింది.
ఇద్దరమున్నం, ఎవ్వరం నల్లా కట్టెయ్యలే.

"మంచిగ సదువుకోవే" అని
సుగుణమ్మ మెట్లెక్కింది.
పద్నాలుగు మెట్లు. చెప్పుల చప్పుడు లెక్కవెట్టిన.
పానగల్లు రోడ్డుల ఒక ఇల్లు, రామగిరిల ఒక ఇల్లు
గిట్లాంటి చప్పుడు తర్వాతనే ఖాళీ చేసినం.
రిత్వికను కొట్టబుద్ధి కాలే.
ఏమని కొట్టాలె?
మూతి తుడవబోయి, అది గుడ తుడవలే.

బేస్తారం పప్పుచారు.
టిఫిను బూడిదతోని తోమిన, నిమ్మతొక్కతోని తోమిన,
మూత రబ్బరుకు పట్టిన వాసన పోతలేదు.
పిల్ల ఆ మూత ముక్కుకు వెట్టుకొని
ఐతారానికి ఎన్ని దినాలని అడిగింది.
మూడని చెప్పిన.
మీదికెల్లి ఇంక ఎవరు దిగి రాలే.

రాత్రి అమ్మ ఫోను.
"కూర మంగళారం దాకనన్న వచ్చిందా బిడ్డా?
ఈసారి కిలోన్నర ఏపాల్నా?"

కిటికీ తీసే ఉంది.

"రెండు కిలోలు ఏపు" అన్న.